మీనాక్షమ్మ లేహ్యం

"తలుపు తియ్యండత్తా! మీ కాళ్ళు పట్టుకుంటా. గోటి మీద పట్టేంత ఇయ్యండి, చాలు!"

 దేవుని గది లోపల గంట గణగణా మోగింది. మీనాక్షమ్మకు కోపం వచ్చినా గంటే మోగిస్తుంది, భయం వేసినా గంటే మోగిస్తుంది. ఇంట్లో వాళ్ళు ఆ మోత విని ఏది వచ్చిందో తెలుసుకోవాలి.

వాసవాంబ గడప దగ్గర కూలబడింది. ఎనిమిదో నెల దాటిన కడుపు. కూర్చుంటే కాళ్ళు లాగుతాయి, లేస్తే నడుం విరుగుతుంది, పడుకుందామంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. ముక్కు కారుతోంది, ఆవులింత మీద ఆవులింత. కళ్ళల్లో నీళ్ళు ఏడిస్తే వచ్చినవో, వాటంతట అవే కారుతున్నవో ఆమెకే తెలియడంలేదు.

"ఏందే ఇది? ఏందీ రభస?" ఆమె మొగుడు గురురాజ అంగడికి పోబోతున్నవాడల్లా వెనక్కి వచ్చాడు. "పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినావు గదా! ఇంక నల్లమందు జోలికి పోనంటివే! ఇప్పుడు మాయమ్మనడుగుతాండావా? మాయమ్మ దగ్గర యాడుండాది నల్లమందు?"

ఆ మాటకు లోపల గంట ఆగిపోయింది.

వాసవాంబ మొగుడి మొహంలోకి చూసింది. అమాయకుడు. కంటిపాపలు ఆవగింజల్లా ఉన్నాయని, అది నల్లమందు పనేనని కాంపౌండరు గోవిందప్ప చెప్పిన రోజు నుంచీ ఇదే ప్రశ్న. ఎవరు తెచ్చిచ్చినారు? యాడ కొన్నావు? ఊరంతా ఒకటొకటిగా అనుమానించాడు కానీ, తల్లి చేతి లేహ్యాన్ని అనుమానించాలన్న ఆలోచన అతనికి కలలో కూడా రాలేదు.

ఎట్లా వస్తుంది? చింతామణిలో పసుపు కుంకుమల నుంచి పురిటి మందుల దాకా అమ్మే ఆ గ్రంధిగె అంగడికి బాగేపల్లి నుంచి, అవతల మంచేనహళ్ళి నుంచి కూడా మనుషులొచ్చేది ఒక్కదాని కోసమే: మీనాక్షమ్మ లేహ్యం. శొంఠి, పిప్పళ్ళు, మోడి, వాము, నెయ్యి, బెల్లం, ఇదీ ఆమె అందరికీ చెప్పే పాకం. చెప్పనిది ఇంకొకటుంది. దాన్ని తలుపేసుకుని నూరుతుంది. వాసవాంబ ఒకసారి నీళ్ళ చెంబు కోసం తలుపు తోసి చూసేసింది. అత్త తల ఎత్తింది, కోడలు తల దించింది. అంతే, ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఒక ఇంట్లో ఇద్దరాడవాళ్ళు ఒకే గుట్టును చూసీ చూడనట్టు ఎన్నేళ్ళైనా గడిపెయ్యగలరు, అదేం పెద్ద విద్య కాదు.

పైగా అప్పట్లో ఆ లేహ్యమంటే వాసవాంబకు ప్రాణం. తల్లి లేని పిల్ల కాబట్టి మొదటి పురుడు అత్తింట్లోనే జరిగింది. బిడ్డ పుట్టాక ఏమైందో ఏమో, ఊరికే ఏడుపు. బిడ్డను దగ్గరికి తెస్తే తీసుకుపొమ్మనేది. పుట్టింటికి పోతానని మూట కట్టేది. పుట్టింట్లో ఎవరున్నారని! మీనాక్షమ్మ పొద్దునొక ముద్ద, సాయంత్రమొక ముద్ద నోట్లో పెట్టింది. ఏడుపు ఆగింది. అత్త కాదు, ఈమె దేవతే అనుకుంది వాసవాంబ. పురుడు గడిచిపోయింది, పిల్ల నడిచింది, మాటలు నేర్చింది. ముద్ద మాత్రం మానలేదు.

కాంపౌండరు మాట బయటపడ్డాక మీనాక్షమ్మ భయపడి ముద్ద సగం చేసింది, మొన్నటి నుంచి అదీ లేదు.

"చెప్పవేమే?" గురురాజ గొంతు పెంచాడు. "నాలుగు దినాలు ఓర్చుకుంటే అదే పోతాది. మనసు గట్టి చేసుకోవాల."

"మనసుదేముందండీ! బిడ్డ చూడండి, బిడ్డ!" వాసవాంబ రెండు చేతులతో కడుపు పట్టుకుంది. "పొద్దున్నుంచి లోపల ఒకటే కొట్టుకుంటాండాది. కొట్టుకొని కొట్టుకొని గమ్మునైపోతాండాది. గమ్మునైనప్పుడు నాకు పై ప్రాణం పైనే పోతాండాది. నన్ను చిక్కబళ్ళాపురం పంపండి. పంకజాక్షి డాక్టరమ్మ దగ్గరికి పోతా."

గురురాజ గబగబా వీధి తలుపు మూసి వచ్చాడు.

చిక్కబళ్ళాపురంలో పంకజాక్షి ఆస్పత్రి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. పురుటి వార్డు వెనకాల ఒక పొడుగాటి గది ఉంది. సారాయికో, నల్లమందుకో, నిద్ర మాత్రలకో అలవాటు పడిన గర్భిణులను, బాలింతలను డాక్టరమ్మ అక్కడ పెట్టుకుంటుంది. పురుడు ఒకచోట, అలవాటు మాన్పించేది ఇంకొకచోట అనే పద్ధతి ఆమెకు లేదు, రెండూ ఆ గదిలోనే. మంచి పనే. కానీ ఊరి నోరు మంచి పనులకు మంచి పేర్లు పెట్టదు కదా. తాగుబోతు పురిటిల్లు అని పెట్టింది.

"శెట్ల కోడలు తాగుబోతు పురిటింట్లో కంటాదా?" గురురాజ పళ్ళు కొరికాడు. "రేపు నేను అంగట్లో ఏ మొహం పెట్టుకోని కూర్చోవాల?"

"అంగట్లో కూర్చునేది మీరు. చచ్చేది నేనూ నా బిడ్డా."

"గడప దాటు, చెప్తా!"

దేవుని గది తలుపు తెరుచుకుంది. మీనాక్షమ్మ బయటికి వచ్చింది. భర్త సుబ్బరాయప్ప పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె గడప దాటి వచ్చిందంటే మిగతా నోళ్ళు మూతపడాల్సిందే.

"నువ్వంగడి తెరువు పో నాయనా. దీన్ని నేను పిల్చుకోని పోతా."

"యాడికి?"

"అదెక్కడికంటే అక్కడికే."

గురురాజ చెప్పులు వేసుకుని అంగడి దారి పట్టాడు. వాసవాంబకు అత్త కాళ్ళ మీద పడాలనిపించింది. కడుపు అడ్డం రాకుంటే పడేదే.

*

బస్టాండులో ఎదురైన ప్రతి మనిషీ మీనాక్షమ్మకు నమస్కారం పెట్టాడు. "యాడికమ్మా, కోడల్ని పిల్చుకోని?" అంటే "చుట్టాలింటికప్పా" అని నవ్వుతూ చెప్పింది. బస్సులో కిటికీ పక్కన కోడల్ని కూర్చోబెట్టి, తను అడ్డంగా కూర్చుంది. బస్సు కదిలాక ఆ నవ్వు లేదు.

"చూడు, డాక్టరు అడుగుతాది. బాగేపల్లి సంతలో ఎవడో ఇచ్చినాడని చెప్పు."

"ఎవడని చెప్పేది?"

"పేరు తెలీదను. పేరు తెలీనోడిని ఎవరూ పట్టుకోలేరు."

వాసవాంబ అత్త వైపు తిరిగింది. పొద్దున గడప దగ్గర కలిగిన కృతజ్ఞత చల్లారిపోయింది. అయితే ఈమె వచ్చింది తనకు తోడుగా కాదు, తన నోటికి కాపలాగా.

"లేహ్యం మాట నీ నోట్లోంచి వచ్చిందనుకో," మీనాక్షమ్మ గొంతు తగ్గించింది, "అబ్కారీ వాళ్ళు వచ్చేది నా కోసం గాదు. అంగడి నీ మొగుని పేరు మీదుండాది. బేడీలు వానికి. ఆలోచించుకో."

"ఎంత తింటాండావని అడిగితే?"

"కొంచిం అను."

"కొంచిం అంటే ఎంతత్తా? నాకు తెలీదు గదా. మీకొక్కరికే తెలుసు."

మీనాక్షమ్మ ఆ మాట విననట్టు ముందు సీటు కమ్మీని చూస్తూ కూర్చుంది. శిడ్లఘట్టలో బస్సు ఆగితే పట్టుగూళ్ళ గంపలు ఎక్కించారు.  ఆ వాసనకు వాసవాంబ కిటికీలోంచి తల బయట పెట్టి కక్కుకుంది. మీనాక్షమ్మ వీపు నిమిరింది. కొంగుతో మూతి తుడిచింది. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో వాసవాంబకు తెలుసు. అందుకే ఏడుపొచ్చింది. చెడ్డ చెయ్యి అయితే తోసెయ్యవచ్చు కదా.

*

పంకజాక్షి డాక్టరు భారీ మనిషి. కన్నడం, తెలుగు కలిపి గట్టిగా మాట్లాడుతుంది, గుసగుసలు చేతకాదు. వాసవాంబను బల్ల మీద పడుకోబెట్టి, కడుపు మీద చెక్క గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. కళ్ళు చూసింది. చేతుల మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు చూసింది.

"ఒకేసారి ఆపమని ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"మా ఆయన ఒట్టు వేయించుకున్నారు."

"ఒట్టు నువ్వేసినావు. కడుపులో బిడ్డ వెయ్యలేదు గదా!" డాక్టరమ్మ గొట్టం పక్కన పెట్టింది. "నువ్వు తిన్నదే దానికీ అలవాటయింటాది. చటుక్కున ఆపితే నీకంటే ఎక్కువ అది అల్లాడుతాది. నెలలు నిండకముందే నొప్పులొస్తాయి. ఇప్పుడు ఆ నల్లమందునే నేను కొలిచి చుక్కలుగా ఇస్తా. కాన్పు అయ్యేదాకా నిన్ను కుదురుగా పెడతా. ఆమీద కొంచెం కొంచెం తగ్గిస్తా. పుట్టిన బిడ్డను గూడా ఇక్కడే పెట్టుకోని చూస్తా. ఈ గదిలో ఎవరినీ తిట్టం. ఒకటే షరతు, అబద్ధం చెప్పకూడదు. ఎవరిచ్చినారు?"

మీనాక్షమ్మ దగ్గింది.

"బాగేపల్లి సంతలో… ఎవరో," అంది వాసవాంబ.

"సరే. ఎంత తింటావు?"

"కొంచిం."

"కొంచిం అనే తూకం నా దగ్గర లేదమ్మా." డాక్టరమ్మ అత్తను చూసింది, కోడల్ని చూసింది. "తక్కువిస్తే బిడ్డ తట్టుకోదు. ఎక్కువిస్తే పుట్టినాక ఊపిరి తియ్యదు. ఇచ్చి చూసుకుంటా సరి చేస్తా, అది నా పని. అయితే ఈలోపల నొప్పులు మొదలైనాయనుకో, చూసుకునేంత వ్యవధానం నాకుండదు. నువ్వు చెప్పే లెక్క మీదే నీ బిడ్డ ఉండాది."

వాసవాంబ పెదవులు కదిలాయి. బేడీలు గుర్తొచ్చాయి. మళ్ళీ నోరు మూసుకుంది.

*

పొడుగాటి గదిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. చుక్కల మందు చేదుగా గొంతు దిగింది. ముక్కు కారడం కాస్త తగ్గింది కానీ కాళ్ళు లాగడం ఆగలేదు, నడుం లోపల ఏదో బిగుసుకుంటూ వదులుతూ ఉంది. పక్కకు తిరిగింది, ఇటు తిరిగింది, లేచి కూర్చుంది. ఎట్లా కూర్చున్నా ఆ ఒళ్ళు తనది కానట్టే ఉంది.

ఎదురు మంచం మీద ఒక బాలింత. ఆమె ఒళ్ళో బిడ్డ కీచుమని ఏడుస్తోంది. మామూలు పసిబిడ్డ ఏడుపు కాదు. గొంతు నలిగిపోతున్నట్టు, ఆపితే చచ్చిపోతానన్నట్టు ఏడుపు. పిడికిళ్ళు బిగించి వణుకుతోంది. రొమ్ము నోట్లో పెడితే పట్టుకుంటుంది, వదిలేస్తుంది, మళ్ళీ ఏడుపు.

ఆ బాలింత తలెత్తి మీనాక్షమ్మను చూసింది. మొహం వెలిగిపోయింది.

"అమ్మా! మీరు చింతామణి లేహ్యమమ్మ గదా?"

మీనాక్షమ్మ ఉలిక్కిపడింది. ఆ పిల్ల బిడ్డను మంచం మీద పెట్టి, పచ్చి ఒంటితో దిగి వచ్చి, వద్దు వద్దంటున్నా వంగి కాళ్ళకు మొక్కింది.

"నా పేరు మునిరత్నమ్మ. మాది బాగేపల్లి పక్క పల్లె. నా మూడు పురుళ్ళకూ మీ లేహ్యమేనమ్మా! మా అత్త మనిషిని పంపిచ్చి తెప్పిస్తాది. ఈ మధ్య నడుం నొప్పికి గూడా దినామూ అదే తింటాండా. అది తినకుంటే లేచి తిరగలేను తల్లీ. మీ చేతిలో ఏం మహిమ ఉండాదో!"

"కూర్చో, కూర్చోమ్మా. పచ్చి బాలింతవు."

"మీరు దేవుడు పంపినట్టు వచ్చినారు." మునిరత్నమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా బిడ్డను చూసి డాక్టరమ్మ నన్నీ గదిలో వేసేసిందమ్మా. సారాయి తాగినావా, నల్లమందు తిన్నావా అని ఒకటే పోరు. మా వంశంలోనే లేదే అది! ఆ మాట విని మా ఆయన మొహం తిప్పుకోని ఊరికి పోయినాడు, మళ్ళా రాలేదు. మీరు పెద్దోళ్ళు, మీ మాటంటే నమ్ముతారు. నేనట్లాంటిదాన్ని గాదని మీరన్నా చెప్పండమ్మా."

వాసవాంబ అత్తను చూసింది. ఇప్పుడు చెప్తుంది. ఇంత విన్నాక రాయి కూడా చెప్తుంది.

"చెప్తాలేమ్మా," అంది మీనాక్షమ్మ.

మంచం మీది బిడ్డ మళ్ళీ కీచుమంది. మీనాక్షమ్మ చేతులు వాటంతట అవే చాచుకుని దాన్ని ఎత్తుకున్నాయి. ఎంతమంది పసివాళ్ళను ఎత్తిన చేతులు! భుజాన వేసుకుని వీపు తట్టింది. బిడ్డ ఆమె భుజం మీద గజగజా వణికింది. కాసేపటికే తిరిగి తల్లికి ఇచ్చేసి, కొంగుతో భుజం తుడుచుకుంటూ వచ్చి కోడలి మంచం దగ్గర నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

తలగడ సర్దుతున్నట్టు వంగి, వాసవాంబ అరచేతిలో ఏదో పెట్టి మూసింది. మోదుగాకు పొట్లం, నిమ్మకాయంత ఉంది.

"తిను. నువ్వు తినేదే. ఒకేసారి వద్దు, ఇంతింత తీసుకో. నీ బిడ్డ కుదురుకుంటాది. ఆ పిల్లకు పట్టిన గతి నీ బిడ్డకు పట్టదు. నోరు మాత్రం తెరవద్దు."

ఆకు సందులోంచి నెయ్యీ పిప్పళ్ళూ వాసన వచ్చింది. వాసవాంబ నోరంతా నీళ్ళూరింది. సిగ్గులేని నోరు! ఒళ్ళంతా ఒక్క పెట్టున ఆ పొట్లం వైపే లాగింది. తింటే చాలు, కాళ్ళు లాగవు, చీమలు పాకవు, మొగుడికి బేడీలు పడవు, అన్నీ సర్దుకుంటాయి. బొటనవేలితో ఆకు మడత అప్పుడే విప్పేసింది కూడా. అంతలో ఒక మాట తట్టింది.

"అత్తా, పొద్దున నేను గడప కాడ పొర్లి ఏడుస్తాంటే ఇది మీ దగ్గరే ఉన్నిందా?"

"వాడుండె గదా ఇంట్లో. ఎట్లిచ్చేది?"

"ఉన్నిందా, లేదా?"

మీనాక్షమ్మ తలగడ మళ్ళీ సర్దింది. వాసవాంబకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో అత్త మీద కోపం రావడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ కోపం ఎక్కడికి పోయిందో, అది కూడా ఆ ముద్దలతోనే మింగేసినట్టుంది.

"ఏమదీ చేతిలో?" డాక్టరమ్మ గుమ్మంలోంచే అడిగింది.

పిడికిలి తెరవడానికి వాసవాంబకు చాలా బలం కావలసి వచ్చింది. వేళ్ళు మాట వినలేదు. ఎట్లాగో తెరిచి చెయ్యి చాపింది.

"నేను తినేది ఇదేనమ్మా. సంతలో కొనలేదు. మా అత్త చేసే లేహ్యం. దీన్లో నల్లమందుండాది. ఎంతో నాకు తెలీదు, ఆమెకే తెలుసు."

 మునిరత్నమ్మ బిడ్డను గుండెకు అదుముకుని, "లేహ్యంలోనా?" అంది చిన్నగా.

"దీనికి మతి చలించిందమ్మా!" మీనాక్షమ్మ ఒక్క అంగలో వచ్చి పొట్లం లాక్కుంది. "దీన్లో ఏముండాది? బెల్లముండాది. శొంఠి ఉండాది. నా చేత్తో ఇన్నివేల మంది బాలింతలకు పెట్టినాను, ఒక్కరు చచ్చినారా? చూడండి, మీ కండ్ల ముందరే తింటా, చూడండి!"

ముద్ద మొత్తం నోట్లో వేసుకుంది. రెండు నమిలి మింగేసింది. ఆకు కూడా నాకి చూపించింది.

"ఏమాయ? చచ్చినానా?"

"అత్తా, ఉమ్మెయ్యండి! ఉమ్మెయ్యండత్తా!" వాసవాంబ అరిచింది. మీనాక్షమ్మ ఆ లేహ్యాన్ని జన్మలో తినలేదు. పాకం చూసేటప్పుడు కూడా నాలుక చివరన అంటించుకుని ఊసేసేది. ఆ సంగతి ఆ గదిలో తెలిసింది వాసవాంబకు ఒక్కదానికే.

*

ఉప్పునీళ్ళు తాగమంటే మీనాక్షమ్మ పళ్ళు బిగించింది. "బెల్లం తిన్నదానికి ఉప్పునీళ్ళెందుకు?" అని బెంచీ మీద కర్రలా కూర్చుంది. డాక్టరమ్మ బతిమాలింది, అరిచింది, భయపెట్టింది. ఆ మొండితనం ముందు ఏదీ పనిచెయ్యలేదు. చివరికి ఆమె కళ్ళను మగత కమ్మాక గానీ వార్డు ఆయమ్మలిద్దరూ పట్టుకుని కడుపులోకి గొట్టం వెయ్యలేకపోయారు. కొంత బయటికి వచ్చింది. లోపల ఎంత కలిసిపోయిందో ఎవరికీ తెలియదు.

అంగడి మూసేసి తర్వాతి బస్సు పట్టుకుని వచ్చిన గురురాజ గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

"మీ తల్లి లేహ్యంలో నల్లమందు ఎంత వేస్తాదో మీకు తెలుసా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మాయమ్మ లేహ్యంలోనా?" గురురాజ తల్లిని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. ఎవరూ కాదనలేదు. గోడకు జారగిలబడి అట్లాగే నేల మీద కూర్చున్నాడు. ఎవరు తెచ్చిచ్చినారని వారం రోజులు పెళ్ళాన్ని పీక్కుతిన్న మనిషి, ఇప్పుడు ఆమె మొహం చూడలేకపోయాడు.

"నిద్రపోనీయొద్దు. మాట్లాడించండి," అని డాక్టరమ్మ వాసవాంబ వైపు తిరిగింది. "బెంగళూరుకు పంపాలంటే కారు తెప్పిస్తా. అయితే లెక్క తెలియాల. మీ అత్త నోట్లోంచి ఆ లెక్క వస్తే ఆమెకు, నీ కడుపులో బిడ్డకు, ఆ మునిరత్నమ్మ బిడ్డకు, అందరికీ దారి దొరుకుతాది. నిద్రపోయిందంటే ఎవరికీ లేదు."

వాసవాంబ మంచం దిగింది. నడుం బిగుసుకుంటున్నా పళ్ళ బిగువున నడిచి, అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"అత్తా, కండ్లు తెరవండి. పాకంలోకి ఎంత వేస్తారు?"

"తలుపెయ్యి…" అంది మీనాక్షమ్మ.

"వేసినాను. ఎవరూ లేరు. చెప్పండి. ఎంత?"

"ఉసిరికాయంత ముద్దకు… ఒక గురిగింజెత్తు." నాలుక మందంగా తిరుగుతోంది. "అంతకు మించి ఎన్నడూ వెయ్యలే… నేనేం పాపిష్టిదాన్నా? పచ్చి బాలింతలు తినేది…"

డాక్టరమ్మ మునిరత్నమ్మ వైపు తల ఊపింది. ఆ బిడ్డ లెక్క దొరికింది.  మునిరత్నమ్మ ఇందాక మొక్కిన కాళ్ళ వైపు కూడా చూడకుండా, బిడ్డను తీసుకుని గోడకు తిరిగి కూర్చుంది.

"నేను తినేదాంట్లో గూడా ఒకటేనా అత్తా?"

"నీది వేరే."

వాసవాంబకు అర్థం కాలేదు. "వేరే అంటే?"

"నీకు వేరేగా కలిపేదాన్ని." మీనాక్షమ్మ కళ్ళు సగం తెరిచింది. కోడలి మొహం వెతికి, గుర్తుపట్టి, చిన్నగా నవ్వింది. పసిదాన్ని బుజ్జగించేటప్పుడు నవ్వే నవ్వు. "ఒకటే ఏడుస్తా ఉంటివి గదమ్మా. మూట కట్టుకోని గడప కాడ కూర్చుంటా ఉంటివి. పోతే నా బిడ్డ సంసారమేం గావాల? ఊరేమంటాది? ఒక గురిగింజకు నీ ఏడుపు ఆగలే. రెండేసినా."

"రెండా? రెండేనా అత్తా? ఇప్పుడు గూడా రెండేనా?"

రెప్పలు వాలిపోయాయి. డాక్టరమ్మ చెంప మీద తట్టింది. గురురాజ "అమ్మా! అమ్మా!" అంటూ వచ్చి తల్లి భుజాలు కుదిపాడు. వాసవాంబ ఆ చల్లని చెయ్యిని నలిపింది, గోళ్ళతో గిచ్చింది.

"అత్తా! నా బిడ్డ కోసం చెప్పండి! ఇప్పుడెన్ని?"

"ఏమో తల్లీ…" గొంతు ఎక్కడో దూరంనుంచి వచ్చింది. "లెక్క పెట్టలే. నువ్వు ఏడ్చినప్పుడల్లా ఇంత పెంచినా."

వాసవాంబ ఆ చెయ్యిని విదిలించి పారెయ్యబోయింది. అంతలో నడుం వెనకనుంచి నొప్పి చుట్టుకుని వచ్చింది. పొద్దున్నుంచి వస్తున్న నొప్పి కాదు, ఇది వేరే. ఉమ్మనీరు పోయి కింద చీరంతా తడిసిపోయింది. డాక్టరమ్మ ఆయమ్మలను కేకేస్తోంది. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, దగ్గరలో ఇంకేమీ లేదు. అత్త చెయ్యినే గట్టిగా పట్టుకుంది.